యాచారం పొలంలో అమ్మ అడిగింది: ఆ మసక మచ్చ గెలాక్సీ అని ఎవరు చెప్పారు?

మల్కాజిగిరి_మేడ | ఆదివారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. కార్తీక అమావాస్య రాత్రి సాగర్ రోడ్డులో యాచారం దాటాక ఉన్న మా మేనమామ పొలానికి వెళ్లాం. నేను, మా ఆవిడ, పాప, అమ్మ. చేతిలో ఉన్నది 10×50 బైనాక్యులర్స్ ఒక్కటే. ఉత్తరం దిక్కున, అడుగున, హైదరాబాద్ వెలుగు ఇంకా తెల్లగా కమ్ముకునే ఉంది. తల పైకెత్తితే మాత్రం మా మేడ మీద నుంచి ఎన్నడూ చూడనన్ని చుక్కలు.

అమ్మకు పంచాంగం బాగా తెలుసు. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర చుక్కలు నాలుగూ కలిపి పెద్ద చతురస్రం తనే చూపించింది. దాని ఉత్తరపు మూల నుంచి దేవయాని వరస పట్టుకుని రెండో చుక్క దాకా వెళ్లి, అక్కడ మలుపు తిరిగి, రెండు చిన్న చుక్కలు దాటాక మసక మచ్చలా దేవయాని గెలాక్సీ (ఆండ్రోమెడా) దొరికింది. అమ్మ చాలాసేపు కళ్లకు పెట్టుకుని చూసి, "అద్దం మీద ఊపిరి వదిలినట్టుందిరా" అంది. సరిగ్గా అలాగే ఉంది.

తర్వాత రెండు ప్రశ్నలు అడిగింది. "ఇది మబ్బు తునక కాదు, చుక్కల గుంపు అని ఎవరు చెప్పారు? దానికి దూరం ఎవరు కొలిచారు, ఏ తాడుతో?" 25 లక్షల కాంతి సంవత్సరాలు అని అంకె చెప్పాను గానీ, ఎలా అంటే నా దగ్గర జవాబు లేదు. అంతలో పాప, "మా స్కూల్లో దేవయానే మనకు అన్నిటికంటే దగ్గర గెలాక్సీ అని చెప్పారు, ఫోన్‌లో చూస్తే ఇంకేదో పేరు వస్తోంది" అంది. ఈ మూడింటికీ సరైన జవాబులు తీసుకెళ్లి ఇంట్లో చెప్పాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_టీచర్ | ఆదివారం ఉదయం 10:40

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ అడిగిన క్రమమే సరైన క్రమం. ముందు అది దేనితో తయారైందో తేలాలి, తర్వాతే దూరం.

మొదటిదానికి నా క్లాసులో ఒక పని చేయిస్తాను. పాత సీడీ ఒకటి తీసుకుని దాని మెరిసే వైపును సీఎఫ్‌ఎల్ బల్బు కింద పట్టండి. రంగులు విడివిడి చారలుగా కనిపిస్తాయి. అదే సీడీని కొవ్వొత్తి ముందు పట్టండి, ఎరుపు నుంచి ఊదా దాకా అతుకు లేకుండా ఒకటే పట్టీ. దీపాన్ని ముట్టుకోకుండానే లోపల వెలుగుతున్నదేమిటో తెలిసిపోతుంది.

1864లో విలియం హగ్గిన్స్ అనే ఆయన లండన్‌లోని తన ఇంటి అబ్జర్వేటరీ నుంచి చేసింది ఇదే. ఆకాశంలో మసకగా కనిపించే మచ్చల వెలుగును పట్టకం గుండా పంపాడు. డ్రాకో రాశిలోని ఒక నెబ్యులా చూస్తే మూడు వెలుగు గీతలు తప్ప ఏమీ లేవు. అంటే పలుచని వేడి వాయువు. మీ అమ్మగారి మాటలో నిజంగా మబ్బే. దేవయాని వైపు తిప్పితే కొవ్వొత్తి లాంటి పట్టీ వచ్చింది. 1899లో జర్మనీలో షైనర్ అనే శాస్త్రవేత్త దాన్ని ఫొటో తీస్తే అందులో మన సూర్యుడి వర్ణపటంలో ఉండే లాంటి నల్ల గీతలు కనిపించాయి. మబ్బు అలాంటి గీతలు ఇవ్వదు, నక్షత్రాలు ఇస్తాయి.

దూరం సంగతి పాతప్లేట్లు సార్ చెబితేనే బాగుంటుంది.

పాతప్లేట్లు | ఆదివారం మధ్యాహ్నం 3:05

టీచరమ్మ పిలిచారు కనుక రాస్తున్నాను. కొంచెం పెద్దదవుతుంది.

చుక్కల గుంపే అని తెలిశాక కూడా గొడవ తేలలేదు. ఆ గుంపు మన పాలపుంత లోపలి చిన్న గుంపా, బయట ఉన్న మరో పాలపుంతా? 1885లో దేవయాని నడిబొడ్డున ఒక కొత్త తార వెలిగింది. దాదాపు కంటికి కనిపించేంత వెలుగు. దేవయాని నిజంగా అంత దూరంలో ఉంటే, ఒక్క తార అంత వెలుగు ఇవ్వడం అప్పటికి ఎవరి ఊహకూ అందని మాట. కాబట్టి దగ్గర్లోనే ఉండాలన్నారు. అది సూపర్‌నోవా అని, అంటే పేలిపోయే తార అని తర్వాత తెలిసింది. అలాంటి జాతి తారలు ఉన్నాయని అప్పటికి ఎవరికీ తెలియదు. 1920 ఏప్రిల్ 26న వాషింగ్టన్‌లో హార్లో షాప్లీ, హీబర్ కర్టిస్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు ఇదే విషయం మీద వాదించుకున్నారు. షాప్లీ లోపల అన్నాడు, కర్టిస్ బయట అన్నాడు. ఆ రోజు ఎవరి మాటా నెగ్గలేదు.

తాడు అప్పటికే తయారైంది. పేనింది హెన్రియెటా లీవిట్. హార్వర్డ్‌లో ఫొటో ప్లేట్ల మీద తారల వెలుగు కొలిచే ఉద్యోగం ఆవిడది. సెఫీడ్ అనే రకం తారలు ఒక లయలో పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. 1912లో చిన్న మెజెల్లానిక్ మేఘం (పేరుకు మేఘమే గానీ, మన పాలపుంత పొరుగునున్న చిన్న గెలాక్సీ) లోని 25 తారలు తీసుకుని చూస్తే, లయ నెమ్మదైన కొద్దీ తార ప్రకాశవంతం. ఇక్కడ ఆవిడ చేసిన తర్కం మన ఊరి భాషలో చెబుతాను. రాత్రి నెక్లెస్ రోడ్డు మీద నిలబడి హుస్సేన్‌సాగర్ అవతల ట్యాంక్‌బండ్ మీది దీపాలు చూడండి. అన్నీ మనకు దాదాపు ఒకే దూరం. కాబట్టి వాటిలో ఏది ఎక్కువ వెలుగుతూ కనిపిస్తే అది నిజంగానే పెద్ద బల్బు. అదే మీ పక్కనున్న దీపంతో పోల్చారా, ఏమీ చెప్పలేరు. ఆ మేఘం ఆవిడకు ట్యాంక్‌బండ్ అయింది. లయ చూసి బల్బు ఎన్ని వాట్లో చెప్పగలిగితే, ఎంత మసకగా కనిపిస్తోందో దాన్ని బట్టి దూరం వచ్చేస్తుంది.

1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్ మీది 100 అంగుళాల దూరదర్శినితో దేవయాని ప్లేటు తీశాడు. మూడు తారలకు నోవాలు, అంటే ఉన్నట్టుండి వెలిగే తారలు, అనుకుని గుర్తు పెట్టాడు. పాత ప్లేట్లతో పోల్చి చూస్తే అందులో ఒకటి పెరుగుతూ తరుగుతూ ఉంది. ముందు పెట్టిన గుర్తు కొట్టేసి, చరతార అని సిరాతో రాసి పక్కన ఆశ్చర్యార్థకం పెట్టాడు. దాని లయ 31 రోజుల పైచిలుకు. లెక్క కడితే సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు. షాప్లీ మన పాలపుంతకు ఇచ్చిన వెడల్పే 3 లక్షలు. కాబట్టి దేవయాని బయటే. 1925 జనవరి 1న ఈ పత్రం సభలో చదివారు.

మరి 9 లక్షలు 25 లక్షలు ఎలా అయిందంటారా? సెఫీడ్‌లలో రెండు జాతులున్నాయని, హబుల్ కొలబద్దలో రెండూ కలిసిపోయాయని 1952లో వాల్టర్ బాడే చూపించాడు. ఒక్క దెబ్బతో దూరం రెట్టింపైంది. మిగతాది తర్వాతి కొలతలు సరిచేశాయి.

మల్కాజిగిరి_మేడ | ఆదివారం సాయంత్రం 6:30

ట్యాంక్‌బండ్ ఉదాహరణ అమ్మకు చెప్పాను. వెంటనే పట్టేసింది. "ఆవిడకు ఆ మేఘం దొరకబట్టి సరిపోయింది" అంది.

ఉప్పల్_పోరడు | ఆదివారం రాత్రి 9:48

సార్, మస్తు చెప్పిన్రు. నేను బీఎస్సీ ఫిజిక్స్ సెకండియర్. నాకొక డౌట్ ఉన్నది. మా బుక్కుల హబుల్ ఫోర్క్ బొమ్మ ఉంటది కదా. ఎడమ దిక్కు గుండ్రటివి, కుడి దిక్కు రెండు కొమ్మలల్ల సర్పిలాలు. గుండ్రటి గెలాక్సీ మెల్లగ సర్పిలం అయితదా? మా దోస్తులు గట్లనే అంటున్నరు. ఇంకోటి, మన చుట్టు ఉన్న గెలాక్సీలు ఆ బొమ్మల ఏడ కూసుంటయి?

లెక్కల_టీచర్ | ఆదివారం రాత్రి 10:20

బాబూ, అయిపోదు. ఆ బొమ్మ వంశవృక్షం కాదు. 1926లో హబుల్ చేసింది కేవలం కంటికి కనిపించే ఆకారాలను వరస పెట్టడం. ఎడమ వైపు వాటిని తొలి రకం, కుడి వైపు వాటిని మలి రకం అన్నారు, ఆ పేర్లే ఇంకా వాడుకలో ఉన్నాయి కాబట్టి మీ దోస్తుల్లాగే చాలామంది పొరపడతారు.

గుండ్రటివాటికి ఈ అన్న అక్షరం, పక్కన సున్నా నుంచి ఏడు దాకా అంకె. పొడవుతో పోలిస్తే వెడల్పు ఎన్నో వంతు తగ్గిందో పదితో గుణించడమే. బంతిలా ఉంటే సున్నా. దేవయాని పక్కనే కనిపించే ఎం32 అనే చిన్న గెలాక్సీ వెడల్పులో ఐదో వంతు తక్కువ, అందుకే దానికి 2.

సర్పిలాలకు ఎస్. మధ్యలో ఉబ్బు పెద్దదై చేతులు బిగువుగా చుట్టుకుంటే చిన్న ఎ, కాస్త వదులైతే బి, బాగా విడిపోతే సి. మధ్యలో పట్టీ ఉంటే ఎస్ తర్వాత పెద్ద బీ పెడతారు. పెద్ద బీ పట్టీకి, చిన్న బి చేతుల బిగువుకు. ఈ రెండింటినీ కలగలపకుండా నోట్సులో ఒక్కసారి నీ చేత్తో రాసుకో, ఇక మర్చిపోవు. దేవయాని చిన్న బి. మన పాలపుంతకు పట్టీ ఉంది, చేతులు బి, సి ల మధ్య. మన పొరుగునున్న మరో సర్పిలం ఎం33 ఇంకా వదులు, సి దాటి డి వైపు. ఆ డి హబుల్ పెట్టింది కాదు, ఆ తర్వాత జెరార్డ్ డి వాకులర్ చేర్చింది. మెజెల్లానిక్ మేఘాల కోసం వాటి పేరులోని అక్షరమే ఎం అని చివర పెట్టాడు. పెద్ద మేఘంలో ఒక పట్టీ, ఒకే ఒక్క తెగిన చెయ్యి కనిపిస్తాయి. హబుల్ దాన్ని క్రమం లేనిదని పక్కన పెట్టాడు, డి వాకులర్ దగ్గరగా చూసి సర్పిలాల చివర కూర్చోబెట్టాడు.

డేటాబావి | సోమవారం తెల్లవారుజాము 1:15

టీచర్ గారు చెప్పిన ఫోర్క్ బొమ్మలో మన పొరుగువాళ్లలో చాలామందికి చోటే లేదు, అది చెప్పాలని నిద్ర మానుకుని రాస్తున్నాను.

మన పాలపుంత, దేవయాని, ఎం33, మెజెల్లానిక్ మేఘాలు, ఇంకా వీటి చుట్టూ తిరిగే చిన్నాచితకా అన్నీ కలిపి స్థానిక సమూహం అంటారు. అడ్డంగా సుమారు కోటి కాంతి సంవత్సరాలు. సభ్యులు 80కి పైగా. వాటిలో పెద్ద సర్పిలాలు మూడే. మిగతావి దాదాపు అన్నీ మరుగుజ్జులు. వీటిలో బాగా పలుచనైన జాతిలో మొదటి రెండింటిని, స్కల్ప్టర్, ఫోర్నాక్స్ అనేవాటిని, 1938లో షాప్లీయే ప్రకటించాడు. దేవయాని లోపలే ఉందని వాదించిన ఆయనే తర్వాత కొత్త జాతి గెలాక్సీలను కనిపెట్టాడు, నాకది గొప్పగా అనిపిస్తుంది. అవి ఎంత పలుచన అంటే ఫొటోలో గెలాక్సీలా కనిపించవు. ప్లేటు మీద దుమ్ము పడ్డట్టు, అక్కడక్కడ చుక్కలు కాస్త ఎక్కువ, అంతే. చేతులు లేవు, ఉబ్బు లేదు, కొత్తగా పుట్టే తారలు లేవు.

మరి వాటిని ఎలా గుర్తుపడతారు? నేను పగలు గచ్చిబౌలిలో డేటాబేస్ పని చేస్తాను, రాత్రి అదే పని గయా ఉపగ్రహం సమాచారంతో చేస్తాను. అది 180 కోట్ల తారల స్థానాలు కొలిచింది, పట్టిక అందరికీ ఉచితం. పోయిన శనివారం స్కల్ప్టర్ ఉన్న చోట ఒక డిగ్రీ వ్యాసార్థంలో తారలన్నీ దింపుకున్నాను. మామూలుగా గీస్తే ఏమీ కనిపించలేదు. అప్పుడు ప్రతి తారా ఏడాదికి ఆకాశంలో ఎటు ఎంత జరుగుతోందో అది గీశాను. మన పాలపుంత తారలు దగ్గరివి కదా, ఆవాలు ఒలికినట్టు నాలుగు వైపులా చెల్లాచెదరు. సున్నాకు ఆనుకుని మాత్రం ఒక చోట నల్లటి ముద్ద. అవి ఎంతో దూరంలో ఉన్నాయి, అందుకే దాదాపు కదలనట్టుంటాయి, ఆ కాస్త కదలికా అన్నిటిదీ ఒకే దిక్కు. ఆ ముద్దలోని తారలను మాత్రమే ఏరి, రంగు అడ్డంగా, వెలుగు నిలువుగా పెట్టి గీస్తే, కింద నుంచి కుడివైపుకు వంగుతూ పైకి లేచే ఒక సన్నని గీత తేలింది. అవి రెడ్ జెయింట్ తారలు. ఆ గీత కొన దగ్గర తార లోపల హీలియం అంటుకుంటుంది. అది అంటుకునే వేళకు తార గుండె బరువు అన్నిటిలో దాదాపు ఒకటే, కాబట్టి కొన వెలుగు కూడా ఒకటే. లీవిట్ గారి సెఫీడ్ లాగే ఇదీ ఒక తాడు. కొన ఎంత మసకగా ఉందో చూస్తే స్కల్ప్టర్ దూరం 2 లక్షల 80 వేల కాంతి సంవత్సరాల దరిదాపుల్లో వస్తుంది.

నా స్క్రీన్ మీద ఆ గీత లేచినప్పుడు ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. లేపి చూపించాలనిపించింది.

సనత్‌నగర్_సాయంత్రం | సోమవారం ఉదయం 8:02

పాప ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు ఇవ్వలేదు. అన్నిటికంటే దగ్గర గెలాక్సీ కానిస్ మేజర్ మరుగుజ్జు. మన నుంచి 25 వేల కాంతి సంవత్సరాలు. 2003లో కనుక్కున్నారు. అన్ని చోట్లా అదే రాసి ఉంది. ఇందులో చర్చ ఏముంది?

డేటాబావి | సోమవారం ఉదయం 8:50

అన్నా, చర్చంతా అక్కడే ఉంది. 2003లో దొరికింది ఆ దిక్కున తారలు మామూలుకంటే ఎక్కువ ఉండటం. ఆ చోటు మన పాలపుంత పళ్లేనికి దాదాపు ఆనుకునే ఉంది. మన పళ్లెం అంచు చదునుగా లేదు, ఎండలో పెట్టిన అప్పడం అంచులా వంగి ఉంది. ఆ వంపు మనకు అడ్డంగా వచ్చిన చోట తారలు ఎక్కువ కనిపించడం సహజం. పైగా మరుగుజ్జు గెలాక్సీలో ఆర్ఆర్ లైరా అనే ముసలి చరతారలు పుష్కలంగా ఉండాలి, అక్కడ అవి మామూలుకంటే ఎక్కువేమీ లేవు. అందుకే చాలామంది దాన్ని మన పళ్లెం వంపే అంటున్నారు. పాపకు అదే జవాబుగా నేర్పిస్తే, అనుమానంలో ఉన్నదాన్ని తేలినట్టు చెప్పినట్టవుతుంది.

సనత్‌నగర్_సాయంత్రం | సోమవారం ఉదయం 9:31

వంపు సంగతి నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను. అయితే తేలినవాటిలో దగ్గరిది ఏది?

పాతప్లేట్లు | సోమవారం మధ్యాహ్నం 12:10

సాజిటేరియస్ మరుగుజ్జు గురించి ఎవరైనా ఎత్తుతారేమోనని చూస్తున్నాను. 1994లో ఇబాటా, గిల్మోర్, ఇర్విన్ పాలపుంత నడిబొడ్డు తారల వేగాలు కొలుస్తున్నారు. ఒక గుంపు తారలు మిగతావాటితో పొంతన లేని వేగంతో, కలిసికట్టుగా పోతున్నాయి. అది మన అవతలి వైపు, 80 వేల కాంతి సంవత్సరాలు దాటి, మన పాలపుంత లాగుడుకు చీలికలై సాగిపోతున్న గెలాక్సీ. దాని గుండెలో ఉన్న ఎం54 అనే తారల గుచ్ఛాన్ని ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త మెస్సియే 1778లోనే చూశాడు. రెండు వందల ఏళ్లకు పైగా మనవాళ్లు ఇంకో గెలాక్సీ గుండెను చూస్తూ, పాలపుంతలోని గుచ్ఛం అనే రాసుకున్నారు.

సనత్‌నగర్ బాబుకు: నిస్సందేహంగా తేలిన పొరుగుల్లో ఇది ఒకటి. ఇంతకన్నా దగ్గరివి, బాగా చిన్నవి, మరికొన్ని ఉన్నాయి. అక్కడే అసలు చిక్కు.

లెక్కల_టీచర్ | సోమవారం రాత్రి 8:15

ఆ చిక్కు నేను విప్పడానికి ప్రయత్నిస్తాను, తప్పుంటే సరిదిద్దండి.

గ్రహం అంటే ఏమిటో 2006లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య నిర్వచనం ఇచ్చింది. గెలాక్సీకి అలాంటి నిర్వచనం ఇవ్వలేదు. పెద్దవాటితో అవసరం పడలేదు. కానీ ఆకాశాన్ని ఫొటోలు తీసే స్లోన్ సర్వే చిత్రాల్లో 2005 నుంచి కొన్ని వందల తారలే ఉన్న గుంపులు బయటపడటం మొదలైంది. ఇవి గెలాక్సీలా, తారల గుచ్ఛాలా? 2011లో డంకన్ ఫోర్బ్స్, పావెల్ క్రూపా ఈ ప్రశ్నే రాసి, అందరినీ ఆన్‌లైన్‌లో ఓటు వేయమన్నారు. 2012లో బెత్ విల్మన్, జే స్ట్రేడర్ ఒక నిర్వచనం ప్రతిపాదించారు. ఒకదానికొకటి ఆకర్షణతో కట్టుబడిన తారల గుంపై ఉండాలి, కనిపించే పదార్థంతో, న్యూటన్ ఆకర్షణ సూత్రంతో మాత్రమే దాని తీరును వివరించలేకపోవాలి. అంటే లోపల కృష్ణ పదార్థం, అంటే వెలుగివ్వకుండా ఆకర్షణతో మాత్రమే తెలిసే పదార్థం, జాడ ఉండాలి.

కొలిచే తీరు ఇది. గుంపులోని తారలు ఒక్కొక్కటీ మనవైపు ఎంత వేగంతో వస్తోందో, పోతోందో వర్ణపటంలో చూస్తారు. వేగాల మధ్య తేడా ఎక్కువగా ఉంటే, ఆ తారలు చెదిరిపోకుండా పట్టి ఉంచడానికి అంత బరువు కావాలి. 2007లో ప్రకటించిన సెగ్వే 1 అనే గుంపు ఇస్తున్న వెలుగు కొన్ని వందల సూర్యులది. పట్టి ఉంచడానికి కావాల్సిన బరువు లక్షల సూర్యులది. దూరం సుమారు 75 వేల కాంతి సంవత్సరాలు.

రెండో ఆధారం లోహాలు. హీలియం కంటే బరువైనవన్నీ ఈ శాస్త్రంలో లోహాలే. గుచ్ఛంలో తారలన్నీ ఒకే కాన్పు కాబట్టి ఇనుము పాళ్లు సాధారణంగా ఒకటే. గెలాక్సీలో ఒక తరం తారలు పేలి, ఆ బూడిదతో ఇంకో తరం పుడుతుంది, పాళ్లు తేడాగా ఉంటాయి. బూడిదను వదిలిపెట్టకుండా పట్టుకునేంత ఆకర్షణ దానికి ఉండాలి కదా. ఈ రెండు పరీక్షలూ కలిస్తే ఆకారం ఎలా ఉన్నా గెలాక్సీ అనవచ్చు.

ఉప్పల్_పోరడు | సోమవారం రాత్రి 9:05

టీచర్ గారూ, రెండు తారలు ఒకదాని సుట్టు ఒకటి తిరుగుతుంటే? గప్పుడు గా తార వేగం ఊరికెనే ఎక్కువ కనవడతది కదా. గది గుంపు బరువు అనుకుంటే తప్పయితది.

డేటాబావి | సోమవారం రాత్రి 11:20

తమ్ముడూ, సరిగ్గా పట్టావు. ఈ రంగంలో పనిచేసేవాళ్లకు నిద్ర పట్టనివ్వని సంగతి అదే. 2023 చివర్లో అర్సా మేజర్ 3 అని ఒకటి ప్రకటించారు. దూరం సుమారు 33 వేల కాంతి సంవత్సరాలు, అంటే ఇప్పటిదాకా చెప్పుకున్న సెగ్వే 1 కన్నా సగంకన్నా దగ్గర. అందులో తారలు సుమారు 60. అన్నీ కలిపినా బరువు పదహారు సూర్యులంత. పదకొండు తారల వేగాలు కొలిస్తే తేడా బాగా వచ్చింది. కానీ ఒకటి రెండు తారలను లెక్కలోంచి తీసేస్తే ఆ తేడా కనుమరుగవుతుంది. ఆ ఒకటి రెండూ నువ్వన్నట్టు జంట తారలైతే? అందుకే ఒకే తారను ఒక ఏడాది, మళ్లీ మరో ఏడాది కొలవాలి. జంటదైతే వేగం మారుతుంది, ఒంటరిదైతే మారదు. అది తేలేదాకా దాన్ని గెలాక్సీ అనలేం, కాదనీ అనలేం.

చిలీలో రూబిన్ అబ్జర్వేటరీ మొదటి చిత్రాలు 2025 జూన్‌లో వచ్చాయి. ఇలాంటివి ఇంకా దొరుకుతాయనే నా నమ్మకం. నీలాంటివాళ్లు ఆ పనిలోకి రావాలి తమ్ముడూ, మనస్ఫూర్తిగా అంటున్నాను.

పాతప్లేట్లు | మంగళవారం ఉదయం 7:40

డేటాబావి బాబు తారల కదలికల ముద్ద గురించి రాసింది రెండుసార్లు చదివాను. మన ఊరికీ దానికీ ఒక బంధం ఉంది, చిన్నవాళ్లకు తెలియాలి.

బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఉండేది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో మొదలుపెట్టింది, తర్వాత బేగంపేటకు మారి, ఉస్మానియాకు చేరింది. ఆకాశాన్ని ముక్కలు చేసి ప్రపంచంలోని అబ్జర్వేటరీలు పంచుకున్న పనిలో హైదరాబాద్‌కు దక్షిణ క్రాంతి (ఆకాశానికి అక్షాంశం లాంటిది) 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వచ్చింది. గాజు ప్లేటు మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో ఒక ఆర్క్ నిమిషం, డిగ్రీలో అరవయ్యో వంతు. ప్లేటు మీద ఐదు మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున గళ్ల గీతలు ముద్రించి, ప్రతి గడిలో ప్రతి చుక్కా ఎక్కడుందో మైక్రోస్కోపులో చూసి రాసేవారు. నేను విద్యార్థిగా ఉండగా అలాంటి ప్లేటు ఒకదాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూశాను. అంచులు పట్టుకోవాలి, వేలు మధ్యలో తగలకూడదు. నల్లటి చుక్కలు మిరియాల పొడిలా ఉంటాయి, ఆకాశం తెల్లగా ఉంటుంది. ఆ పట్టికలన్నీ వందేళ్ల తర్వాత ఉపగ్రహ కొలతలతో పోల్చితే 25 లక్షల తారల కదలికలు బయటపడ్డాయి, 2000లో ఆ జాబితా వచ్చింది. ఒకే తారను ఈ చివర మన బేగంపేటలో కొలిచారు, ఆ చివర అంతరిక్షంలో. గయా ఒంటరిగా చేసింది ఆ పనే, మరింత సూక్ష్మంగా.

మల్కాజిగిరి బాబు చూసిన చోటికి దగ్గర్లోనే జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ ఉంది. 48 అంగుళాల దూరదర్శిని 1968లో పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం ఆ మీదుగానే వెళ్లింది, ఆ రోజు నేను అక్కడ ఉన్నాను. అది వేరే కథ.

రేవతి_నక్షత్రం | మంగళవారం మధ్యాహ్నం 2:25

మెజెల్లానిక్ మేఘం కూడా చూపించమని మా అబ్బాయి అడుగుతున్నాడు. కంటికి కనిపించే వాటిలో అదే దగ్గరి గెలాక్సీ కదా, 1 లక్ష 62 వేల కాంతి సంవత్సరాలు. హైదరాబాద్ నుంచి చూడొచ్చా?

లెక్కల_టీచర్ | మంగళవారం మధ్యాహ్నం 3:00

అక్కా, అగస్త్య నక్షత్రం తెలుసు కదా, శీతాకాలంలో దక్షిణాన ఒంటరిగా మెరిసేది. హైదరాబాద్‌లో అది అత్యధికంగా 20 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. పెద్ద మేఘం దానికి 17 డిగ్రీలు కింద, కాస్త కుడివైపు. అంటే నేల మీద నుంచి మూడు డిగ్రీలు కూడా లేవదు. ఆ ఎత్తులో దుమ్ము, పొగ దాటి మసక మచ్చ కనిపించదు. చిన్న మేఘం మనకు ఉదయించదనే చెప్పాలి. కన్యాకుమారి వెళితే పెద్ద మేఘం 12 డిగ్రీల దాకా లేస్తుంది, సముద్రం వైపు చీకటిగా ఉంటే దొరకొచ్చు.

మల్కాజిగిరి_మేడ | మంగళవారం రాత్రి 9:50

మొత్తం అమ్మకు చదివి వినిపించాను. గంటన్నర పట్టింది. పాపకు ఇలా చెప్పాను: పెద్ద సర్పిలాల్లో దగ్గరిది దేవయాని, కంటికి కనిపించేవాటిలో పెద్ద మెజెల్లానిక్ మేఘం, రెండు పరీక్షలూ గట్టిగా నిలిచినవాటిలో సెగ్వే 1, సాజిటేరియస్ లాంటివి, అర్సా మేజర్ 3 ఇంకా తేలాలి. పాప నోట్‌బుక్‌లో నాలుగు వరసలు రాసుకుంది, నాలుగో వరస చివర ఖాళీ వదిలింది.

అమ్మ మాత్రం సాజిటేరియస్ దగ్గర ఆగిపోయింది. "రెండొందల ఏళ్లు చూస్తూ కూడా తెలుసుకోలేకపోయారా, అది ఎక్కడుంటుంది?" అంది. బైనాక్యులర్స్‌లో దొరుకుతుందా సార్?

పాతప్లేట్లు | మంగళవారం రాత్రి 10:35

ఎం54 దొరుకుతుంది. 10×50లో, చీకటి చోట, బొద్దుగా ఉన్న మసక తారలా. దేవయానంత పెద్దగా ఆశించొద్దు. వైశాఖ అమావాస్యకు వెళ్లండి, వానలు రాకముందు. తెల్లవారుజాము మూడు గంటల ప్రాంతంలో దక్షిణాన 42 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ధనూరాశిలో కింది వైపు ఉత్తరాషాఢ చుక్కల్లో దక్షిణాన ఉన్నది పట్టుకోండి. అక్కడి నుంచి డిగ్రీన్నరకు కాస్త ఎక్కువ దూరం, కుడివైపుకు, కొంచెం కిందికి. బైనాక్యులర్స్ కదపనక్కర్లేదు, ఆ చుక్కతో పాటే ఒకే చూపులో ఉంటుంది.

మల్కాజిగిరి_మేడ | మంగళవారం రాత్రి 10:41

సార్, అమ్మ జన్మ నక్షత్రం ఉత్తరాషాఢ. ఇప్పుడే చెప్పాను. పంచాంగం తీసి వైశాఖ అమావాస్య ఏ తేదీన పడిందో చూస్తోంది. మేనమామకు ఫోన్ చేయమంటోంది.